రామగిరి ఖిల్లా ఎక్కాలంటే ముందు దిగే టైం చూసుకోండి

పెద్దపల్లి జిల్లా బేగంపేట దగ్గరి రామగిరి ఖిల్లాకు శ్రావణంలో జనం బారులు తీరుతారు. ముసలోళ్లు కూడా ఎక్కుతున్నారు కదా, మనకెంత అనుకోవద్దు. ఆ నెలలో ముందొకరు, వెనకొకరు ఉంటారు గనుక దారి తప్పడం కష్టం. మిగతా రోజుల్లో పొదలు కమ్మేసి మేకల బాటలు కూడా అసలు దారిలాగే కనిపిస్తాయి. కొత్తవాళ్లు ఊళ్లో దారి తెలిసిన మనిషిని మాట్లాడుకుని వెంటబెట్టుకోవాలి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. వానల్లో బండలకు నాచు పడుతుంది, మే నెల ఎండల్లో ఆ బండలే పెనమవుతాయి.

వరంగల్ వాళ్లు శుక్రవారం సాయంత్రం కాజీపేటలో రైలెక్కి, రాత్రికి పెద్దపల్లిలో ఉండిపోవడం మేలు. శనివారం తెల్లారి ఇంటి నుంచి బయల్దేరితే గుట్ట కిందికి చేరేసరికే ఎండెక్కుతుంది. ఆదివారాన్ని ఖాళీగా ఉంచండి, మోకాళ్లకు అవసరమే.

డిసెంబర్‌లో పొద్దు 5:45 ప్రాంతంలో గూకుతుంది, చెట్ల కింద చీకటి ఇంకా ముందే. 4 గంటలకల్లా కింద ఉండాలి. దిగేటప్పుడు కాళ్లు వణికి జారేది ఎక్కువ, అందుకే ఎక్కడానికి పట్టినంత సమయం దిగడానికీ ఉంచుకోవాలి. 6:30కు మొదలుపెట్టండి. 11 అయితే ఎక్కడున్నా వెనక్కే. అందరూ బేరమాడేది ఇక్కడే: ‘ఇంకో పది నిమిషాలే’ అన్నవాడి మాట వినొద్దు.

మనిషికి 4 లీటర్ల నీళ్లు. సగం అయిపోతే గడియారం చూడక్కర్లేదు, తిరగాల్సిందే. గుట్ట మీది కొలను నీళ్లు తాగొద్దు. ఓఆర్‌ఎస్ పొడిని ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి, చిక్కగా కలిపితే దాహం పెరుగుతుంది. తిండికి సర్వపిండి బాగుంటుంది. సకినాలు గొంతు ఆరబెడతాయి, దిగాక తినండి. కొత్త బూట్లు వద్దు. కాలిగోళ్లు కత్తిరించుకోకపోతే దిగేటప్పుడు బూటు ముందుభాగానికి గుద్దుకుని నల్లబడతాయి.

ఈ గుట్ట ఔషధ మొక్కలకు పేరు, అయినా తెలియని ఆకు నమలొద్దు. తేనెతుట్టెలున్న చోట పొగ, సెంటు, కేకలు వద్దు. ఈ ప్రాంత గుట్టల్లో ఎలుగుబంట్లుంటాయి, గుహల్లోకి తొంగిచూడొద్దు.

నలుగురికి తక్కువ వెళ్లొద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు తోడుంటారు, ఇద్దరు కిందికి దిగుతారు. పాము కరిస్తే కోయొద్దు, గట్టిగా కట్టొద్దు. కాలు కదలకుండా కర్రకు ఆనించి వదులుగా చుట్టి, నడిపించకుండా మోసుకుని దించాలి. సిగ్నల్ దొరికిన వెంటనే 108కు ఫోన్ చేయాలి.