పదిహేడో ఎక్కం వెనక నుంచి చెప్పగలిగే వేగం

ఒక వేసవిలో, ఉదయం ఏడుంబావుకు, బోర్డు దగ్గర నిలబడ్డ పిల్లవాడి చేతిలో సుద్దముక్క తడిసిపోయి గీత పడటం లేదు. మోచేతి నుంచి చెమట వేళ్ల మీదికి కారుతోంది. లెక్క చాలా తేలిక. "ఫొటోలో ఉన్నాయన తల్లి మా అమ్మమ్మకు ఒక్కగానొక్క కూతురు. ఆయన నాకేమవుతాడు?" ఇలాంటివి వాడు రోజూ అర నిమిషంలో తేల్చేస్తాడు. ఆ రోజు రెండు నిమిషాలు నిలబడి, "మామ" అని రాసి, చేత్తో తుడిచేసి, నా వైపు తిరిగి "తల పని చేస్తాలేదు సార్" అన్నాడు.

నేను తిట్టాను. రాత్రంతా ఫోన్ చూస్తూ కూర్చుని ఉంటావన్నాను. అంతకు అరగంట ముందే వాడు 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల లోపు పరుగెత్తి వచ్చాడని తెలిసి కూడా అన్నాను. ఆ మాట అన్నందుకు నాకు ఇప్పటికీ బాధే.

నేను అనంతపురంలో కానిస్టేబుల్, గ్రూప్స్ పరీక్షలకు అరిథ్‌మెటిక్, రీజనింగ్ చెబుతాను. అప్పట్లో నేను పనిచేసిన కోచింగ్ సంస్థ టైమ్‌టేబుల్ ప్రకారం ఆరున్నరకు గ్రౌండ్‌లో పరుగు, ఏడింటికి మాక్ టెస్ట్. వట్టి జాగింగ్ చేసిన రోజు పిల్లల మార్కులు బాగుండేవి. టైమ్ పెట్టి ట్రయల్ పరుగెత్తించిన రోజు పడిపోయేవి. ఎందుకని వెతుక్కుంటూ పోతే, ఎంత గట్టిగా వ్యాయామం చేస్తే మెదడు ఎలా మారుతుందన్న దాని మీద శాస్త్రజ్ఞులు చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారని తెలిసింది. అందులో నాకు అర్థమైనదాన్ని, మా పిల్లలతో చేయించి చూసినదాన్ని కలిపి ఇక్కడ రాస్తున్నాను. పరీక్షలకు చదివేవాళ్లకే కాదు, పొద్దున్నే లెక్కల పుస్తకాల ముందు కూర్చునే ఎవరికైనా ఇది పనికొస్తుంది.

ముందు మీ వేగం ఏదో మీకు తెలియాలి. నడక, జాగింగ్, సైకిల్, తాడాట, ఏదైనా సరే. దీనికి వాచీలు, యాప్‌లు అక్కర్లేదు. పదిహేడో ఎక్కం చాలు.

నడుస్తూ పైకి చెప్పండి: పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు, పదిహేడు మూళ్ళు యాభై ఒకటి. ఎక్కం మొత్తం రాగం తీసి పాడగలుగుతున్నారంటే మీది మెల్లటి నడక. రాగం తీయలేరు కానీ, ఒక్కో వరుసను ఊపిరి తెగకుండా మామూలు మాటలా చెప్పగలుగుతున్నారంటే అది మధ్యస్థ వేగం. "పదిహేడు" అన్నాక ఒకసారి, "నాల్గులు" అన్నాక ఒకసారి ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే అది గట్టి వేగం. తల చురుకు కోసం మనకు కావాల్సింది ఆ మధ్యది.

అంకెలతో సరిచూసుకోవాలంటే 220లోంచి మీ వయసు తీసేయండి, నిమిషానికి మీ గుండె గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో సుమారుగా వస్తుంది. వచ్చిన దాంట్లో 64 నుంచి 76 శాతం మధ్యస్థం, 77 దాటితే గట్టిది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి 220 - 22 = 198, అంటే నిమిషానికి 127 నుంచి 150 దాకా. నాకు యాభై రెండు కాబట్టి 108 నుంచి 128. ఆగిన వెంటనే మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. అయితే ఈ 220 సూత్రం అందరికీ అచ్చంగా సరిపోదు, మనిషికీ మనిషికీ పది పన్నెండు తేడా ఉండొచ్చు. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది అసలు కుదరదు. మా అన్న ఆ మాత్రలు వాడతాడు. ఆయాసం వచ్చేలా నడిచినా ఆయన నాడి వంద దాటదు. ఆయనకు ఎక్కమే కొలత.

ఇంకో చిన్న మెలిక ఉంది, నా పిల్లలకు తప్పకుండా చేయించేది. ఎక్కాన్ని వెనక నుంచి చెప్పండి. పదిహేడు పదులు నూట డెబ్బై, పదిహేడు తొమ్మిదులు నూట యాభై మూడు, పదిహేడెనిమిదులు నూట ముప్పై ఆరు. ముందు నుంచి చెప్పే ఎక్కం నోటికి వచ్చేసిన పాట లాంటిది, గట్టిగా పరుగెత్తుతున్నా ముక్కలు ముక్కలుగా అయినా బయటికి వస్తుంది. వెనక నుంచి చెప్పాలంటే ఒక అంకెను పట్టుకుని ఉంచి, అందులోంచి తీసివేయాలి, తర్వాతి మెట్టు గుర్తుపెట్టుకోవాలి. జాగింగ్‌లో దీన్ని చక్కగా చెప్పిన పిల్లలు ట్రయల్ వేగంలో నూట పంతొమ్మిది దగ్గర తడబడతారు. నేను చాలాసార్లు పక్కనే సైకిల్ తొక్కుతూ విన్నాను. ముందు సందు వస్తుంది, తర్వాత "అది... ఎంత సార్" అంటారు, తర్వాత చెప్పడం మానేస్తారు.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే టైమ్‌టేబుల్ మీరే వేసుకోగలరు. మన బరువులో మెదడు రెండు శాతమే, కానీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు ఐదో వంతు అదే తీసుకుంటుంది. మధ్యస్థ వేగం దాకా మెదడుకు రక్తం బాగా అందుతుంది, మెలకువను పెంచే రసాయనాలు కూడా పెరుగుతాయి. అది దాటి రొప్పడం మొదలయ్యాక, ఎక్కువగా ఊపిరి వదలడం వల్ల రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. దాంతో మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయి, పెరిగిన రక్తప్రసారం మళ్లీ తగ్గుతుంది. ఆర్నే డీట్రిచ్ అనే శాస్త్రజ్ఞుడి ప్రతిపాదన ఇంకొకటి ఉంది. కాళ్లనూ చేతులనూ నడిపే భాగాలకు పని బాగా పెరిగినప్పుడు, ఆలోచించి ఆచితూచి నిర్ణయం తీసుకునే భాగం, అంటే నుదుటి వెనక ఉండేది, కాసేపు తన పనిని తగ్గించుకుంటుందని ఆయన అంటాడు. వట్టి స్పందన, అంటే విజిల్ వినగానే కదలడం లాంటిది, గట్టి వేగంలోనూ బాగానే ఉంటుంది. దెబ్బతినేది మెలిక ఉన్న ఆలోచన. మా పిల్లవాడికి తెగింది ఆ దారమే.

మెదడు విద్యుత్తులోనూ ఇది కనిపించింది. తలకు ఎలక్ట్రోడ్లు అంటించి ఈఈజీ తీసేటప్పుడు, మనం గమనించాల్సిన వస్తువు కనిపించిన దాదాపు 300 మిల్లీసెకన్ల తర్వాత ఒక అల లేస్తుంది. దాన్ని పీ300 అంటారు. మనసు ఆ పని మీద ఎంత పెట్టామో ఆ అల ఎత్తు చెబుతుంది. జపాన్ పరిశోధకుడు కామిజో బృందం 2004లో ఇదే చూసింది. మధ్యస్థంగా సైకిల్ తొక్కిన తర్వాత ఆ అల పెరిగింది, ఒళ్లు అలిసేలా తొక్కిన తర్వాత తగ్గింది. 2009లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో ఛార్లెస్ హిల్‌మన్ బృందం తొమ్మిది, పదేళ్ల పిల్లల్ని ట్రెడ్‌మిల్ మీద 20 నిమిషాలు, గరిష్ఠ గుండె వేగంలో 60 శాతం దగ్గర నడిపించింది. అంటే చురుకైన నడకే. తర్వాత పెట్టిన ఏకాగ్రత పరీక్షలో వాళ్ల తప్పులు తగ్గాయి, చదివింది అర్థం చేసుకోవడం మెరుగైంది, పీ300 కూడా పెరిగింది. మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది, నడక ఆపగానే వాళ్లకు పరీక్ష పెట్టలేదు, గుండె వేగం మామూలుకు దగ్గరగా దిగాకే పెట్టారు.

కాబట్టి చదువుకు ముందు చేసేది ఇలా పెట్టుకోండి. ఐదు నిమిషాలు మెల్లగా, పదిహేను నుంచి ఇరవై నిమిషాలు ఎక్కం వేగంలో (అంటే ఆ మధ్యస్థ వేగంలో), మళ్లీ మూడు నాలుగు నిమిషాలు మెల్లగా. ఆగాక నీళ్లు తాగి, ముఖం కడుక్కుని, పావుగంట అయ్యాక పుస్తకం ముందు కూర్చోండి. 2012లో చాంగ్, ఆయన సహచరులు 79 అధ్యయనాలను కలిపి చూస్తే, వ్యాయామం ఆపిన 11 నుంచి 20 నిమిషాల మధ్య పెట్టిన పరీక్షల్లో మేలు ఎక్కువగా కనిపించింది. మేలు చిన్నదే, ఇది నిజాయితీగా చెప్పాలి. చదవని చాప్టర్ నడకతో రాదు. కానీ తెలిసిన లెక్కలో తప్పు చేయకుండా ఉండటానికి ఆ చిన్న మేలు చాలు, మన పరీక్షల్లో అర మార్కు విలువ ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మొదటి గంటలో పజిల్స్, సీటింగ్ అరేంజ్‌మెంట్, డేటా లెక్కల్లాంటి మెలికలున్నవే పెట్టుకోండి.

గట్టి పరుగు మానేయమని అనడం లేదు. ఫిజికల్ టెస్టుకు అది లేకుండా కుదరదు. పైగా మెదడు కణాలకు ఎరువులా పనిచేసే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ గట్టి వ్యాయామంలోనే రక్తంలో ఎక్కువగా పెరుగుతుంది. 2007లో జర్మనీలో వింటర్ బృందం చేసిన ప్రయోగంలో, మూడేసి నిమిషాల గట్టి పరుగు రెండుసార్లు తీసినవాళ్లు కొత్త పదాలను 20 శాతం వేగంగా నేర్చుకున్నారు. పోల్చింది కూర్చున్నవాళ్లతోనూ, మెల్లగా పరుగెత్తినవాళ్లతోనూ. మొత్తం ఆరు నిమిషాల పరుగేనని మర్చిపోకండి, గంటసేపు ఒళ్లు హూనం చేసుకోవడం కాదు. దాన్నిబట్టి మా బ్యాచ్‌కు నేను పెట్టిన పద్ధతి ఇది: ట్రయల్, ఇంటర్వెల్ పరుగులు (కాసేపు గట్టిగా, కాసేపు మెల్లగా మార్చి మార్చి పరుగెత్తేవి) వారంలో రెండు రోజులు, సాయంత్రం ఐదున్నరకు. అవయ్యాక స్నానం, బొరుగులో శనక్కాయలో ఏదో ఒకటి తినడం, ఆ తర్వాత జీకే, తేదీలు, పథకాల పేర్లు లాంటి బట్టీ పట్టేవి. రీజనింగ్ జోలికి ఆ పూట పోనివ్వను. పడుకునే గంటలోపు గట్టి పరుగు వద్దు, నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే ఇదంతా వృథా.

మీ మీద మీరే పరీక్షించుకోవాలంటే స్కెచ్ పెన్నులు తీసుకోండి. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ పేరుతో వచ్చిన పరీక్ష ఇది. తెల్లకాగితం మీద నలభై మాటలు రాయండి, "ఎరుపు" అన్న మాటను నీలంతో, "నీలం" అన్న మాటను నలుపుతో, ఇలా ఏ మాటకూ దాని రంగు పడకుండా. తర్వాత మాటను చదవకుండా సిరా రంగును పైకి చెబుతూ పోవాలి. నోరు మాటను చదవాలని లాగుతుంది, దాన్ని ఆపేది నుదుటి వెనక భాగమే. "పచ్చ" మాత్రం రాయకండి, మన వైపు కొందరికి అది ఆకుపచ్చ, కొందరికి పసుపు, పిల్లలు అక్కడ పోట్లాడుకున్నారు. ఫోన్‌లో టైమ్ చూసి సెకన్లూ తప్పులూ రెండూ రాసుకోండి. నడక లేని రోజు, ఎక్కం వేగం తర్వాత, గట్టి పరుగు ఆపిన వెంటనే, అలా ఒక్కోటి నాలుగైదుసార్లు. అలవాటు వల్ల కూడా సెకన్లు తగ్గుతాయి కాబట్టి ప్రతిసారీ కొత్త కాగితం, వరుస మార్చి. రెండు వారాల్లో మీ నోట్‌బుక్కే మీకు చెబుతుంది.

మన ఎండ గురించి చెప్పకపోతే ఈ రాత అనంతపురంలో పనికిరాదు. ఏప్రిల్ వచ్చిందంటే మధ్యాహ్నం నలభై దాటుతుంది, పొద్దున్నే ఆరున్నరకే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో మట్టి వేడెక్కుతుంది. ఒళ్లు చల్లబరచుకోవడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కాబట్టి నిన్నటి వేగమే ఈరోజు గుండెకు ఎక్కువ పని. జనవరిలో మధ్యస్థమైన జాగింగ్ మే నెలలో గట్టిదవుతుంది. అందుకే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అన్న లెక్క వేసవిలో పక్కన పెట్టి, ఎక్కాన్నే నమ్మండి. చెప్పలేకపోతున్నారా, నడకకు దిగండి. బయల్దేరే ముందు ఒక గ్లాసు, వచ్చాక రెండు గ్లాసుల నీళ్లు. ఒంట్లో నీరు తగ్గినా ఏకాగ్రత తగ్గుతుంది. గుండెలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆగిపోండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు, నలభై దాటి చాలా ఏళ్లుగా కదలకుండా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టండి.

పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లిదండ్రులకు కూడా ఒక మాట. 2011లో కర్క్ ఎరిక్సన్ బృందం 55 నుంచి 80 ఏళ్ల వాళ్లు 120 మందిని తీసుకుని, సగం మందిని వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల నడకకు తీసుకొచ్చింది. మిగతా సగం మంది ఒళ్లు సాగదీసే వ్యాయామాలే చేశారు. ఏడాది తర్వాత నడిచినవాళ్లలో జ్ఞాపకాలకు ముఖ్యమైన హిప్పోక్యాంపస్ రెండు శాతం పెరిగింది, మిగతావాళ్లలో 1.4 శాతం తగ్గింది. గ్రౌండ్ బయట బండి మీద కూర్చుని ఎదురుచూసే ఆ నలభై నిమిషాలు మీరూ లోపలికి రండి.

ఇక పరీక్ష రోజు. ఆ రోజు పరుగు వద్దు, కొత్తది ఏదీ వద్దు. సెంటర్‌కు కిలోమీటరున్నర ముందే ఆటో దిగి ఎక్కం వేగంలో నడవండి. గేటు మూసే టైమ్‌కు అరగంట ముందు చేరేలా లెక్క వేసుకోండి, ఊపిరి కుదుటపడాలి కదా. హాల్ టికెట్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకోండి, చొక్కా జేబులో పెడితే చెమటకు తడుస్తుంది. చేతిగుడ్డ ఒకటి ఉంచుకోండి, పెన్ను పట్టే ముందు అరచేతులు తుడుచుకోవడానికి.