ఈసీఎం మార్చే ముందు: ఇంజిన్ ఎలక్ట్రానిక్స్, ఇంధన వ్యవస్థల్లో సమస్యలు – పరిష్కారాలు

చెన్నైలో ఈశాన్య రుతుపవనం వచ్చి నాలుగు గట్టి వానలు కురిసేసరికి మెకానిక్ షెడ్లకు ఒకే తరహా ఫిర్యాదులు వరుస కడతాయి. సెల్ఫ్ తిరుగుతుంది గాని ఇంజిన్ అందుకోదు. లేదా సిగ్నల్ దగ్గర నిలిచిన బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. లేదా చెక్ ఇంజిన్ లైటు వెలిగి ఇక ఆరదు. ఇలాంటి బండ్లలో చాలావాటికి ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటరు పెట్టె) పోయిందన్న తీర్పు బానెట్ తెరవకముందే వచ్చేస్తుంది. నేను చూసినంతలో నిజంగా ఈసీఎం పోయిన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవాటిలో దానికి అందవలసిన కరెంటో, ఎర్తో, ఇంజిన్‌కు అందవలసిన ఇంధన పీడనమో సరిగా అందకపోవడమే కారణం. అందువల్ల ఖర్చు లేని పరీక్షలను ముందు పెట్టి ఈ వరుస రాస్తున్నాను.

చేయి పెట్టే ముందు

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేల మీదికి, సర్వీస్ పిట్‌లోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. అపార్ట్‌మెంటు బేస్‌మెంట్ పార్కింగులో ఇంధన పైపు విప్పకూడదనడానికి ఇదే కారణం. నీళ్ల మోటారు స్విచ్ ఎక్కడో మూల ఉన్నా అందులో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు. పని ఆరుబయట, ఇంజిన్ చల్లారిన తర్వాత, పొడి రకం అగ్నిమాపక సిలిండరు చేతికి అందేంత దూరంలో పెట్టుకుని చేయాలి. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట ఆరదు, నీటితో పాటు పారుతుంది.

బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ టెర్మినల్ ముందు తీయాలి, బిగించేటప్పుడు దాన్నే చివర పెట్టాలి. పాజిటివ్ ముందు విప్పబోతే, స్పానర్ జారి బాడీకి తగిలిన క్షణంలోనే షార్ట్ అవుతుంది. కీ తీసిన వెంటనే ఈసీఎం నిద్రపోదు. కొంతసేపు దాని రిలే పట్టుకునే ఉంటుంది. కనుక ఒక ఐదు నిమిషాలు ఆగిన తర్వాతే కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) విప్పాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ తీసి ఆల్టర్నేటర్‌ను పరీక్షించే పాత అలవాటును పూర్తిగా మానుకోవాలి. ఆ క్షణంలో లేచే వోల్టేజి ఈసీఎంను నిజంగానే కాల్చేయగలదు. బాడీకి వెల్డింగు పెట్టవలసి వస్తే బ్యాటరీ టెర్మినళ్లతో పాటు ఈసీఎం కప్లర్లు కూడా విప్పాలి. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, హైబ్రిడ్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లు హై వోల్టేజివి. వాటికి ప్రత్యేక శిక్షణ లేనివారు వాటిని ముట్టుకోకూడదు.

లక్షణం: సెల్ఫ్ బాగానే తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు

మొదట డాష్‌బోర్డు మీద తాళం గుర్తు మిణుకుతున్నదేమో చూడండి. మిణుకుతుంటే బండి తాళంచెవిని గుర్తుపట్టలేదన్నమాట, అప్పుడు ఇంధన వ్యవస్థ జోలికి వెళ్లనక్కరలేదు. అది లేకపోతే కీ ఆన్ చేసి వెనుక సీటు దగ్గర చెవి పెట్టండి. పెట్రోలు బండ్లలో చాలావాటిలో ట్యాంకులోని ఇంధన పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మూలిగి ఆగుతుంది. ఆ శబ్దం రాకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే చూడాలి. అదే నంబరున్న హారన్ రిలేను తెచ్చి దాని చోట పెట్టి చూడడం ఒక్క నిమిషం పని. రిలే మంచిదే అయితే కీ ఆన్ చేసిన ఆ రెండు సెకన్లలో పంపు కప్లర్ దగ్గర 12 వోల్టులు వస్తున్నాయా అని మల్టీమీటరుతో చూడాలి. వస్తూ, ఎర్త్ కూడా సరిగా ఉండి, పంపు తిరగకపోతే తప్పు పంపుదే. రాకపోతే పంపు కొనవద్దు, వైరింగులో వెతకండి.

పంపు మూలుగుతున్నా ఇంజిన్ అందుకోకపోతే రైలు (ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టం) పీడనం కొలవాలి. మానిఫోల్డులో (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టంలో) పిచికారీ చేసే సాధారణ పెట్రోలు ఇంజిన్లలో అది దాదాపు 3 నుంచి 4 బార్ ఉంటుంది. కచ్చితమైన అంకె ఆ మోడల్ మాన్యువల్‌లో చూడాలి. గేజ్ తగిలించే ముందు పీడనం దించడం తప్పనిసరి. పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే అది ఆగేదాకా నడిపి, తర్వాత మరికొన్ని సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. ఆ తర్వాత బ్యాటరీ విప్పి, పైపు జాయింటు చుట్టూ పాతగుడ్డ చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని నెమ్మదిగా విప్పాలి. ఇంత చేసినా చెంచాడు పెట్రోలు కారుతుంది.

పీడనం సరిపోతే స్కానర్‌లో (ఈసీఎం సమాచారం చదివే పరికరం) సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా ఆ అంకె సున్నా దగ్గరే ఉంటే ఇంజిన్ తిరుగుడును ఈసీఎంకు చెప్పే క్రాంక్ సెన్సరును, దాని వైరును అనుమానించాలి. పి0335 అనే కోడ్ (ఈసీఎం నమోదు చేసుకునే లోపం గుర్తు) కూడా సాధారణంగా ఆ వైపే చూపిస్తుంది.

లక్షణం: ఒకేసారి అయిదారు కోడ్లు, ఒకదానికొకటి పొంతన లేనివి

ఈ సమస్య సముద్రం పక్కన పార్క్ చేసే బండ్లలో ఎక్కువ. బెసెంట్ నగర్ నుంచి ఒక కారు వచ్చింది. థ్రాటిల్, స్టీరింగ్, ఏబీఎస్, ఇంజిన్ అన్నింటి మీదా కోడ్లు. ఒక గ్యారేజీలో ఈసీఎం మార్చాలన్నారట. ఓనరు, మన నెల్లూరాయనే, పాత విడిభాగాల బజారు పుదుపేటలో సెకండ్‌హ్యాండు ఈసీఎం బేరం కూడా కుదుర్చుకుని వచ్చారు. ‘కొనండి సార్, కానీ ముందు పది నిమిషాలు ఇవ్వండి’ అన్నాను. పంపు ఫ్యూజు తీసి, మల్టీమీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ స్తంభానికి, ఇంకో కొస ఇంజిన్ బ్లాకు మీద గీరి శుభ్రం చేసిన చోట పెట్టి సెల్ఫ్ కొట్టించాను. మీటరు 1.8 వోల్టులు చూపించింది. ఆ చోట నేను 0.3 దాటనివ్వను. బ్యాటరీ ట్రే విప్పితే, బాడీకి బిగించిన ఎర్త్ కేబులు పైకి నిక్షేపంగా ఉంది. బోల్టు విప్పి లగ్గు (కేబులు కొసన ఉండే లోహపు రింగు) తిరగేస్తే అడుగంతా పచ్చటి బూజులాంటి తుప్పు, బాడీ మీద ఉప్పు తిన్న మచ్చ. ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్ది, కొత్త లగ్గు వేసి, బిగించిన తర్వాత పైన వాసెలిన్ పూశాం. కోడ్లు చెరిపితే ఒక్కటీ తిరిగి రాలేదు.

పాజిటివ్ వైపు కూడా ఇదే పరీక్ష చేయాలి. బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.7 మధ్య ఉండాలి; సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.6 కన్నా దిగజారితే ముందు బ్యాటరీ సంగతి చూసుకోవాలి. బండిలోని కంప్యూటర్ల మధ్య మాటలు తెగాయని చెప్పే యూ0100 లాంటి సంభాషణ కోడ్లు మిగిలితే బ్యాటరీ విప్పి, స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్సు కొలవండి. ఆ సంభాషణ లైనులో రెండు 120 ఓముల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి కనుక సాధారణంగా 60 దగ్గర చూపాలి. 120 చూపిస్తే సాధారణంగా ఎక్కడో ఒక వైపు లైను తెగిందని అర్థం. సెన్సరు వైర్ల మీద బల్బున్న టెస్ట్ ల్యాంపు వాడవద్దు. అది లాగే కరెంటు ఈసీఎం లోపలి భాగాలను దెబ్బతీయవచ్చు.

సెకండ్‌హ్యాండు ఈసీఎం గురించి ఒక మాట. పార్టు నంబరు అక్షరం పొల్లుపోకుండా సరిపోయినా, చాలా బండ్లలో ఇమొబిలైజర్ (తాళంచెవిని గుర్తుపట్టే వ్యవస్థ) కోడింగు చేయందే ఇంజిన్ అందుకోదు.

లక్షణం: పికప్ లేదు, ఏక్సిలరేటర్ తొక్కితే కుదుపులు

పి0171 కోడ్ ఉంటే మిశ్రమంలో గాలి ఎక్కువైందని అర్థం. ఎయిర్ ఫిల్టరు తర్వాతి రబ్బరు గొట్టంలో చీలిక, వాక్యూమ్ పైపు ఊడడం, ఎయిర్‌ఫ్లో సెన్సరు మీద దుమ్ము, తర్వాత తక్కువ ఇంధన పీడనం – ఈ వరుసలో చూడండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలకుండా నిలిచిన బండిలో ట్యాంకు అడుగు పెట్రోలును సీసాలోకి తీసి, నీరు విడిపోయిందేమో చూడడం మంచిది.

డీజిల్ బండి అయితే పద్ధతి వేరు. కామన్ రైలులో (అన్ని ఇంజెక్టర్లకూ ఉమ్మడిగా డీజిల్ అందించే గొట్టంలో) పీడనం 1600 బార్, కొన్నింటిలో 2000 దాకా ఉంటుంది. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి గాలి తీసే పాత పద్ధతి ఇక్కడ ప్రాణాంతకం. లీకేజీని వేలితో వెతకకూడదు, పొడవైన అట్టముక్క పట్టి చూడాలి. సన్నటి ధార చర్మంలోకి దూరితే పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. అయినా ఆ వేలు, ఆ చెయ్యి పోయే ప్రమాదం ఉంటుంది కాబట్టి తడవు లేకుండా ఆసుపత్రికి వెళ్లి, అధిక పీడనంతో డీజిల్ లోపలికి వెళ్లిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి. ఇంజిన్ ఆపిన తర్వాత కనీసం పది నిమిషాలు, మాన్యువల్ ఇంకా ఎక్కువ చెబితే అంతసేపు ఆగి పైపులు విప్పాలి.

లక్షణం: నీళ్లలో మునిగిన బండి

2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకూ చెన్నైలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అలాంటి బండికి సెల్ఫ్ కొట్టకూడదు. సిలిండరులో నీరుంటే అది అణగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బ్యాటరీ నెగటివ్ విప్పి, టో చేయించి, స్పార్క్ ప్లగ్గులు తీసి ఇంజిన్‌ను స్పానర్‌తో చేత్తో తిప్పి నీరు వెళ్లగొట్టాలి. ఆయిలు తెల్లగా మజ్జిగలా మారి ఉంటే మార్చాలి. కప్లర్లను ఒక్కొక్కటిగా విప్పి కాంటాక్ట్ క్లీనరు కొట్టి గాలికి ఆరబెట్టాలి. వేడి బ్లోయరు పెడితే ప్లాస్టిక్ సాగి పిన్నులు వదులవుతాయి.

ఇంధన పైపు విప్పిన ఏ పనికైనా చివరి పరీక్ష ఒకటే. విప్పిన చోట కొత్త ఓ-రింగు వేసి, క్విక్ కనెక్టరును బిగించాక వెనక్కి లాగి చూసి, సెల్ఫ్ కొట్టకుండా కీని మూడుసార్లు ఆన్ చేసి ఆపండి. జాయింట్ల కింద పొడి టిష్యూ కాగితం పట్టి, అది పొడిగానే ఉంటే అప్పుడు స్టార్ట్ చేయండి.