లాండ్రోమాట్‌లో మొదటిసారి: మిషన్ కదలకపోతే, నురగ ఆగకపోతే, పసుపు మరక ఎర్రబడితే

అమెరికాకి చదువుకోడానికి వచ్చి, వాషర్ లేని అపార్ట్‌మెంట్‌లో దిగితే, ఇండియా నుంచి తెచ్చుకున్న ఉతికిన బట్టలు రెండు మూడు వారాల్లో అయిపోతాయి. ఆ తర్వాత లాండ్రోమాట్, అంటే డబ్బులేసి మిషన్లో బట్టలు ఉతుక్కునే కొట్టు, తప్పదు. టెక్సాస్‌లో కొన్నిచోట్ల బోర్డు మీద ‘వాషటేరియా’ అని కనిపిస్తుంది, అదీ ఇదే. 1934లో ఇక్కడి ఫోర్ట్ వర్త్‌లో నాలుగు వాషింగ్ మిషన్లు పెట్టి గంటల లెక్కన అద్దెకిచ్చిన కొట్టు పేరు అది. పేరు మాత్రం ఇంకా నడుస్తోంది.

నేను టెక్సాస్‌లోనే ఉన్న డెంటన్‌లో రెండేళ్ళు బట్టల మూట మోశాను. చెయ్యదగ్గ తప్పులన్నీ చేశాను. మీ ముందున్న మిషన్ ఏం చేస్తోందో చూసి, ఆ భాగానికి వెళ్ళి చదువుకోండి.

డబ్బులు వేశాను, మిషన్ కదల్లేదు

ముందు స్క్రీన్ మీద అంకె చూడండి. ధర మూడున్నర డాలర్లైతే 14 క్వార్టర్లు, అంటే పావు డాలర్ నాణేలు, పడాలి. పదమూడు వేసి ఎంతసేపు నిలబడ్డా అది కదలదు. అంకె సున్నా అయినా కదలకపోతే తలుపు సరిగా పడలేదన్నమాట. చొక్కా చెయ్యో, చున్నీ కొసో రబ్బరు దగ్గర ఇరుక్కుని ఉంటుంది. అదీ కాకపోతే స్టార్ట్ బటన్ విడిగా ఉందేమో చూడండి. చాలామంది నీళ్ళ వేడి ఎంచుకున్నాక ఆ బటన్ నొక్కడం మర్చిపోతారు.

పాత మిషన్లకి నాణేలు నిలబెట్టి లోపలికి తోసే సొరుగు లాంటిది ఉంటుంది. అన్ని గాళ్ళూ నిండాలి, ఒక్క తోపులో చివరిదాకా పోవాలి. సగంలో ఆపితే ఇరుక్కుంటుంది.

వేసిన నాణెం మళ్ళీ మళ్ళీ కిందికి పడుతుంటే వెనక్కి తిప్పి చూడండి. కొమ్ముల జంతువు బొమ్మ ఉంటే అది కెనడా క్వార్టర్. అమెరికా క్వార్టర్ అడ్డకొలత 24.26 మిల్లీమీటర్లు, కెనడాది 23.88. మన చేతికి తేడా తెలీదు, మిషన్‌కి తెలుస్తుంది.

చిల్లర కోసం కొట్లోనే నోట్లు మార్చే మిషన్ ఉంటుంది. కానీ అది నలిగిన నోటుని ఉమ్మేస్తుంది, ఒక్కోసారి ఖాళీగా కూడా ఉంటుంది. బ్యాంకుకి వెళ్ళినప్పుడు ‘ఒక రోల్ క్వార్టర్లు’ అని అడిగితే పది డాలర్లకి 40 నాణేల చుట్ట ఇస్తారు. నేను దాన్ని పోపులడబ్బా లాగా దాచుకునేవాణ్ణి, రూమ్మేట్లకి కూడా చూపించకుండా.

కార్డు పద్ధతి ఉన్న కొట్లో ఆ రోజుకి సరిపడా మాత్రమే కార్డులో వేయించుకోండి. మిగిలింది వెనక్కి రావడం కష్టం. యాప్‌తో కట్టేటట్టయితే మిషన్ నంబర్ రెండుసార్లు చూసుకోండి. నా డబ్బుతో పక్క మిషన్ ఖాళీగా అరగంట తిరిగింది, నేను దాని ముందే కూర్చుని చూశాను.

మిషన్ డబ్బు మింగేస్తే కొట్టకండి. దాని మీద అంటించిన ఫోన్ నంబరూ, మిషన్ నంబరూ ఫోటో తీసి, కొట్లో మనిషి ఉంటే అక్కడే చెప్పండి.

నురగ తగ్గట్లేదు, బట్టలు గంజి పెట్టినట్టు బిరుసుగా వస్తున్నాయి

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనవాళ్ళ గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. బకెట్లో సర్ఫు కలిపి, నురగ పొంగితేనే మురికి వదులుతుందని నమ్మి పెరిగాం. ముందువైపు గాజు తలుపు ఉన్న మిషన్లు చాలా తక్కువ నీళ్ళతో పనిచేస్తాయి. అందులో బట్టలు పైకి లేచి కింద పడుతూ ఉతుకుతాయి. నురగ ఎక్కువైతే అది పరుపులా అడ్డుపడి ఆ దెబ్బ తగలదు, మురికి అక్కడే ఉంటుంది. పైగా ఉన్న కాసిని నీళ్ళు ఆ సబ్బుని పూర్తిగా జాడించలేవు.

గుర్తులు ఇవీ: చివరి జాడింపులో కూడా గాజుకి తెల్లగా నురగ, నల్ల టీ షర్టు మీద తెల్ల చారలు, రెండు రోజులకి మెడ దగ్గర దురద. నేను ఆ దురద వాతావరణం పడక అనుకుని నెల రోజులు కొబ్బరినూనె రాశాను.

ఇప్పటికే అయిపోయుంటే, సబ్బు వెయ్యకుండా గోరువెచ్చని నీళ్ళలో ఇంకోసారి తిప్పండి. గాజుకి ఎంత నురగ వస్తుందో చూస్తే బట్టల్లో ఎంత మిగిలిందో మీకే తెలుస్తుంది. ఇకమీదట సీసా మీద హెచ్.ఈ. (హై ఎఫిషియెన్సీ, అంటే తక్కువ నీళ్ళ మిషన్ల కోసం చేసింది) అనే గుర్తున్న డిటర్జెంటే కొనండి. మామూలుగా ఒక వాయి బట్టలకి రెండు టేబుల్ స్పూన్లు చాలు. మూత నిండా పొయ్యకండి, లోపల మొదటి గీత దాకా పోస్తే సరి. సబ్బు బిళ్ళలు, అదే పాడ్స్, పై అరలో వెయ్యకూడదు. ఖాళీ డ్రమ్ములో ముందు పాడ్, దాని మీద బట్టలు.

గిన్నెలు తోమే లిక్విడ్ మాత్రం వద్దు. మా రూమ్మేట్ ఒకసారి పోశాడు. సబ్బు అర సందుల్లోంచి నురగ నేల మీదికి వచ్చింది, మేం తువ్వాళ్ళతో తుడిచాం, ఆ తువ్వాళ్ళు ఉతకడానికి మళ్ళీ డబ్బులు కట్టాం.

ఉతకడం అయిపోయింది, బట్టలు ఇంకా నీళ్ళోడుతున్నాయి

ఒక్క బొంతో, దుప్పటో వేశారా? అది నీళ్ళు పీల్చుకుని ఓ పక్కకి ముద్ద కడుతుంది, బరువు సమంగా లేదని మిషన్ వేగం అందుకోకుండానే ఆగిపోతుంది. తోడుగా రెండు తువ్వాళ్ళు వేస్తే సర్దుకుంటుంది. లేదా కుక్కి కుక్కి నింపారు. బట్టల పైన అరచెయ్యి నిలువుగా పట్టేంత ఖాళీ ఉండాలి. మిషన్ల మీద 20, 40, 60 పౌండ్లని రాసి ఉంటుంది. బొంతలకి పెద్దదే తీసుకోండి. ఒకటిన్నర డాలర్లు మిగుల్చుకుందామని చిన్నదాంట్లో తోస్తే, ఆ డబ్బు డ్రయ్యర్ తింటుంది.

పసుపు మరక రక్తంలా ఎర్రబడింది

ఉగాదికి అసోసియేషన్ వాళ్ళు పులిహోర పెట్టారు, నా తెల్ల చొక్కా జేబు మీద అర్ధరూపాయంత మరక. డిటర్జెంట్ చుక్క వేసి రుద్దాను. నా వేళ్ళ కిందే అది ఎర్రగా మారిపోయింది. టెన్షన్‌తో అమ్మకి వీడియో కాల్ చేస్తే, ‘దిష్టి నీళ్ళు ఎప్పుడూ చూళ్ళేదేంట్రా’ అంది. నిజమే, పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు అయ్యేది కూడా ఇందుకే. పసుపులోని రంగు పదార్థం క్షారం తగిలితే ఎర్రబడుతుంది, చాలా డిటర్జెంట్లు క్షారాలే. కాసిని వెనిగర్ నీళ్ళు పోస్తే మళ్ళీ పచ్చబడుతుంది.

పచ్చబడింది కదా అని డ్రయ్యర్‌లో వెయ్యకండి, వేడికి మరక గట్టిగా పట్టేస్తుంది. తడిగానే ఇంటికి తెచ్చి ఎండ పడే కిటికీ దగ్గర ఆరేయండి. పసుపు రంగు వెలుతురుకి ఆగదు. నా చొక్కాకి రెండు మధ్యాహ్నాలు పట్టింది.

తెల్ల బట్టలు గులాబీ రంగులోకి వచ్చాయి

ఇక్కడ ‘హాట్’ అంటే నిజంగానే వేడి నీళ్ళొస్తాయి. మన దగ్గర చాలా ఇళ్ళలో మిషన్‌కి కుళాయి నీళ్ళే అలవాటు కాబట్టి ఈ తేడా తట్టదు. కలంకారీ, కొత్త జీన్స్, మంగళగిరి చేనేత ఏదైనా మొదటి రెండు మూడుసార్లు విడిగా, ‘కోల్డ్’లోనే వెయ్యండి. రంగు అంటుకుంటే ఆరకముందే ఆ తెల్లవాటిని మళ్ళీ ఉతకండి. పట్టు, జరీ అసలు ఇక్కడికి తేవద్దు.

డ్రయ్యర్ తిరిగింది, బట్టలు ఆరలేదు

దూది పొరలా పేరుకునే పీచు వల్ల గాలి ఆడదు. జాలీ బయటికి వచ్చే రకమైతే తీసి చేత్తో తుడిచెయ్యండి. డ్రమ్ము సగానికి మించి నింపకండి. క్వార్టర్‌కి కొద్ది నిమిషాలే వస్తాయి, కాబట్టి ఎన్ని వచ్చాయో స్క్రీన్ మీద చూసి వెయ్యండి. అప్పుడే ఎవరో ఖాళీ చేసిన డ్రయ్యర్ దొరికితే వదలకండి, అది వేడెక్కే ఉంటుంది.

కుర్తా పొట్టిదైపోయిందా? అది ‘హై’ వేడి పని. నూలు బట్టలకి ‘లో’ పెట్టి, కాస్త తేమ ఉండగానే తీసి హ్యాంగర్‌కి తగిలించండి. పైజమా బొందు రెండు కొసలూ ముందే ముడెయ్యండి, లేదంటే పిన్నీసు పట్టుకుని రాత్రంతా కూర్చోవాలి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. వంటనూనె తుడిచిన గుడ్డలు డ్రయ్యర్‌లో వెయ్యకండి. ఉతికినా నూనె కొంత మిగులుతుంది. వేడిగా తీసి కుప్పేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది.

నా బట్టలు ఎవరో తీసి బల్ల మీద పెట్టారు

దొంగతనం కాదు, మీరు ఆలస్యమయ్యారు. మిషన్ మొదలవగానే ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. అయిపోయాక తలుపు రాకపోతే లాగకండి, టిక్కుమని శబ్దం వచ్చేదాకా రెండు నిమిషాలు ఆగండి. రాత్రిపూట వెళ్తే గోడ మీద ‘లాస్ట్ వాష్’ టైం చూసుకోండి, కొట్టు మూసే టైం వేరు, అది వేరు.

సాక్సు ఒకటి తగ్గింది

తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో వేళ్ళు పెట్టి చూడండి. నాకు అక్కడ నాది కాని సాక్సు ఒకటి, తడిసిన క్వార్టర్ ఒకటి దొరికాయి. క్వార్టర్ డ్రయ్యర్‌కి పనికొచ్చింది.