పైథాన్‌లో ఆబ్జెక్ట్‌ను విప్పి చూసే కోడ్ నెమ్మదిస్తే: సమస్య - పరిష్కారం

నెల్లూరు పక్కన ఇందుకూరుపేట వైపు రొయ్యల పట్టుబడి తెల్లారకముందే మొదలవుతుంది. గుంటల దగ్గర్నించి వచ్చిన సరుకును షెడ్డులో దింపి, ట్రేలను ఒకదాని తర్వాత ఒకటి కాటా ఎక్కిస్తారు. ప్రతి ట్రే బరువూ కంప్యూటర్‌లో పడాలి. అలాంటి ఒక షెడ్డుకి మేం పైథాన్‌లో ప్రోగ్రాం రాసిచ్చాం. ఒకరోజు తెల్లవారుజామున అక్కడ లెక్కలు రాసే అబ్బాయి ఫోన్ చేశాడు. "అన్నా, సేవ్ నొక్కితే తిరగతానే ఉండాది. ట్రేలు ఆగిపోయినాయి, ఐసు కరిగిపోతా ఉండాది."

ముందు రోజు సాయంత్రమే నేనొక చిన్న మార్పు పంపాను. ఏ పనిని ఏ ఫంక్షన్ పిలిచిందో లాగ్‌లో, అంటే ప్రోగ్రాం తన పనులు రాసుకునే చిట్టాలో, పేరు పడాలని ఒక్క లైను చేర్చాను. తప్పు నాదే. ఆ లైను వల్ల నేర్చుకున్నదీ, ఆ తర్వాత ఇలాంటి కోడ్‌లో ఎదురైనవీ ఇక్కడ రాస్తున్నాను.

ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ తన ఆబ్జెక్టులను (విలువలనూ, వాటితో చేసే పనులనూ కలిపి కట్టిన మూటలను) తానే ప్రశ్నించుకోగలదు. నీలో ఏమేం ఉన్నాయి, నువ్వు ఏ విలువలు తీసుకుంటావు, నిన్ను ఎవరు పిలిచారు అని. పైథాన్‌లో ఇదంతా ఒక్క లైనులో అయిపోతుంది కాబట్టి వెనక జరిగే చాకిరీ కంటికి కనిపించదు.

ముందు కొలవండి

ఊహతో కోడ్ మార్చకండి. ఏ ఫంక్షన్‌కి ఎంత సమయం పట్టిందో చెప్పే సీప్రొఫైల్ పైథాన్‌తో పాటే వస్తుంది. దాని కింద ప్రోగ్రాం నడిపి, ఫలితాన్ని ఒకసారి ఫంక్షన్ సొంత సమయం ప్రకారం, ఒకసారి అది పిలిచినవాటితో కలిపి మొత్తం సమయం ప్రకారం వరస పెట్టండి. పై వరసల్లో ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్ (ఆబ్జెక్టులను విప్పి చూడటానికి పైథాన్ ఇచ్చే సరంజామా) ఫంక్షన్లు కనిపిస్తే ఈ వ్యాసం మీకు పనికొస్తుంది. అవి లేకుండా డేటాబేస్ కనెక్షనో ప్రింటరో మాత్రమే కనిపిస్తే మీ సమస్య వేరు, దీని జోలికి రావద్దు.

లక్షణం 1: ప్రతి సేవ్‌కీ ఆలస్యం, లాగ్ రాయడం ఆపేస్తే మామూలే

మా షెడ్డులో జరిగింది ఇదే. ప్రొఫైల్ తీస్తే పైన కనిపించినవి ఫైల్ ఉందో లేదో చూసే స్టాట్ పిలుపులు. బరువు కూడటం, బిల్లు కట్టడం ఎక్కడో అడుగున ఉన్నాయి.

కారణం: పిలిచినవాడి పేరు కోసం నేను ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని స్టాక్ ఫంక్షన్ వాడాను. నాకు కావలసింది ఒక్క మెట్టు పైన ఉన్న పేరు. అదేమో అడుగు నుంచి కొస దాకా ఉన్న ప్రతి ఫ్రేమ్‌నూ, అంటే నడుస్తున్న ప్రతి ఫంక్షన్ పిలుపు వివరాలనూ, తిరగేస్తుంది. ఒక్కో ఫ్రేమ్‌కీ సోర్స్ ఫైల్ ఎక్కడుందో వెతికి, అది మారిందేమో చూసి, అందులోంచి ఆ లైను పాఠాన్ని కూడా తెచ్చిపెడుతుంది. ఆ పాఠం నేను అడగలేదు, కానీ ఎన్ని లైన్లు తేవాలో చెప్పే కాంటెక్స్ట్ విలువ ముందే ఒకటిగా ఉంటుంది కాబట్టి అది తెస్తుంది. పైగా ఆ షెడ్డులో ప్రోగ్రాం ఫైళ్లు ఓనరు గదిలోని కంప్యూటర్‌లో షేర్డ్ ఫోల్డర్‌లో ఉన్నాయి. కాటా దగ్గరి కంప్యూటర్ ప్రతిసారీ నెట్‌వర్క్ దాటి వెళ్లి "ఈ ఫైల్ ఉందా" అని అడిగి రావాలి. నా ల్యాప్‌టాప్‌లో ఫైళ్లు లోపలే ఉన్నాయి కాబట్టి నాకు తేడా తెలియలేదు.

పరిష్కారం: పేరు, లైను నంబరు చాలనుకుంటే అసలు మీరేమీ రాయనక్కర్లేదు. పైథాన్ సొంత లాగింగ్ మాడ్యూల్ ఫార్మాట్‌లో ఫంక్షన్ పేరు అడిగితే అదే ఇస్తుంది. మధ్యలో మీ సహాయక ఫంక్షన్ ఒకటి ఉంటే స్టాక్‌లెవెల్ విలువ రెండు ఇవ్వండి, అప్పుడు మీ సహాయకుడి పేరు కాకుండా అసలు పిలిచినవాడి పేరు పడుతుంది. ఈ వసతి పైథాన్ 3.8 నుంచి ఉంది. లాగింగ్ కుదరని చోట సిస్ మాడ్యూల్‌లో అండర్‌స్కోర్‌తో మొదలయ్యే గెట్‌ఫ్రేమ్‌కి ఒకటి ఇచ్చి, ఆ ఫ్రేమ్‌లోని కోడ్ ఆబ్జెక్ట్‌ను పేరు అడగండి. ఇది ఫైళ్ల జోలికి పోదు. కాకపోతే అన్ని రకాల పైథాన్‌లలోనూ ఇది ఉంటుందన్న హామీ లేదు, మామూలుగా మనం వాడే సీపైథాన్‌లో ఉంటుంది. స్టాక్ ఫంక్షన్నే వాడాల్సివస్తే కాంటెక్స్ట్‌కి సున్నా ఇవ్వండి. సోర్స్ లైను చదవడం ఆగుతుంది, ఫైల్ వెతకడం మాత్రం మిగిలే ఉంటుంది.

లక్షణం 2: ప్రాసెసర్ ఖాళీగా ఉంది, అయినా రిపోర్టు రావడం లేదు

డేటాబేస్ లాగ్ తెరిస్తే ఒకే క్వెరీ మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. మీరు ఆ క్వెరీ అడిగిన గుర్తు కూడా ఉండదు.

కారణం: ఇన్‌స్పెక్ట్ మాడ్యూల్‌లోని గెట్‌మెంబర్స్ ఫంక్షన్. ఆబ్జెక్ట్‌లో ఏమేం ఉన్నాయో చెప్పమంటే అది పేర్లతో ఊరుకోదు, ప్రతి పేరు విలువనూ తీసుకొస్తుంది. ఆ పేరు ప్రాపర్టీ (అడిగినప్పుడు లెక్కగట్టి ఇచ్చే విలువ) అయితే దాని కోడ్ నడుస్తుంది. మా రైతు ఆబ్జెక్ట్‌లో "మేత బాకీ" అనే ప్రాపర్టీ ఉంది, అది డేటాబేస్‌లో పాత చిట్టా అంతా కూడి చెబుతుంది. రిపోర్టుకి రైతు పేరు, ఊరు చాలు. అయినా ప్రతి రైతుకీ బాకీ లెక్క తీసి పక్కన పారేస్తున్నాం. హ్యాస్‌ఆట్ర్ కూడా ఇంతే. ఉందా లేదా అని అడిగినట్టే ఉంటుంది, లోపల మాత్రం విలువ తెచ్చి చూస్తుంది.

పరిష్కారం: ఆబ్జెక్ట్‌లో దాచిన విలువలే కావాలంటే వాటి డిక్షనరీని ఇచ్చే వార్స్ ఫంక్షన్ వాడండి. స్లాట్స్ పెట్టిన (ఏ పేర్లుండాలో ముందే కట్టేసిన) క్లాసులకు మామూలు డిక్షనరీ ఉండదు కాబట్టి అక్కడ వార్స్ ఎర్రర్ ఇస్తుంది. డేటాక్లాస్ (విలువలు దాచడానికే రాసే క్లాసు) అయితే ఫీల్డ్స్ అడగండి. ప్రాపర్టీలను నడపకుండా అన్ని పేర్లూ చూడాలంటే 3.11లో వచ్చిన గెట్‌మెంబర్స్_స్టాటిక్ ఉంది.

లక్షణం 3: డెకరేటర్ పెట్టిన ఫంక్షన్లన్నీ బరువెక్కాయి

కారణం: డెకరేటర్ అంటే ఫంక్షన్ చుట్టూ తొడిగే ఇంకో ఫంక్షన్. వచ్చిన విలువలను సరిచూసే డెకరేటర్ ప్రతి పిలుపులోనూ సిగ్నేచర్ (ఫంక్షన్ ఏ విలువలు తీసుకుంటుందో ఆ జాబితా) అడుగుతోంది. ఫంక్షన్ సిగ్నేచర్ పిలుపుకీ పిలుపుకీ మారదు కదా. షెడ్డులో కౌంటు ఎలా తీస్తారో చూడండి. ఒక కిలో రొయ్యలు తీసి ఎన్నున్నాయో లెక్కపెడతారు, ముప్పై ఉంటే ముప్పై కౌంటు. ఆ లాటుకి ఆ కౌంటు రాసుకుని ధర కడతారు. ట్రే ట్రేకీ కూర్చుని లెక్కపెట్టరు.

పరిష్కారం: సిగ్నేచర్ లైనును లోపలి ఫంక్షన్‌లోంచి తీసి డెకరేటర్ పైభాగంలో పెట్టండి. అప్పుడు ప్రోగ్రాం మొదలైనప్పుడు ఒక్కసారే నడుస్తుంది. వచ్చిన విలువలను సిగ్నేచర్‌లోని పేర్లకు జతచేసే బైండ్ పిలుపు మిగులుతుంది, దానికీ ఖర్చుంది. మరీ తరచుగా పిలిచే ఫంక్షన్లకు ఆ డెకరేటర్ అసలు అవసరమా అని ఆలోచించండి.

ఫంక్షన్లు ముందే తెలియని చోట ఎల్ఆర్‌యూ క్యాష్ (ఒకసారి వచ్చిన జవాబును దాచి మళ్లీ ఇచ్చేది) పెట్టుకోవచ్చు. ఇక్కడ నేను దెబ్బతిన్న చోటు చెబుతాను. ఆబ్జెక్ట్‌తో కట్టుబడ్డ మెథడ్‌ను క్యాష్‌కి ఇస్తే, క్యాష్ ఆ ఆబ్జెక్ట్‌ను కూడా పట్టుకుని వదలదు. పని అయిపోయిన లాట్లు మెమరీలోనే పేరుకుపోయాయి. క్లాసులోని అసలు ఫంక్షన్‌నో, క్లాసునో క్యాష్‌కి కీగా ఇవ్వండి.

లక్షణం 4: లూప్‌లో ఐసిన్‌స్టెన్స్ నెమ్మది

ఐసిన్‌స్టెన్స్ ఒక ఆబ్జెక్ట్ ఫలానా రకమేనా అని చూస్తుంది. రన్‌టైమ్‌లో సరిచూసే ప్రోటోకాల్‌తో (ఆబ్జెక్ట్‌లో ఏ పేర్లుండాలో చెప్పే జాబితాతో) పోలుస్తున్నారేమో చూడండి. మామూలు క్లాసుతో పోల్చినంత తేలిక కాదు, ప్రోటోకాల్‌లోని ఒక్కో పేరూ ఆబ్జెక్ట్‌లో ఉందా అని వెతకాలి. 3.12లో దీన్ని బాగా వేగవంతం చేశారు, కానీ పేర్లు ఎక్కువగా ఉన్న ప్రోటోకాల్‌లకు 3.11 కన్నా నెమ్మది కూడా కావచ్చు. వెర్షన్ మార్చే ముందు మీ కోడ్‌తోనే కొలవండి. లేదా లూప్ బయట ఒకసారి సరిచూసి లోపలికి పంపండి.

సరిచేశాక

మొదటి పిలుపు కొలతను నమ్మకండి, క్యాష్ నిండేది అప్పుడే. రెండోసారి నుంచి చూడండి. కొలిచేది కూడా మీ ల్యాప్‌టాప్ మీద కాదు, కస్టమర్ కంప్యూటర్ మీద, వాళ్ల ఫోల్డర్ నుంచి. మేం ఆ మధ్యాహ్నమే షెడ్డుకి వెళ్లి, ప్రోగ్రాం ఫైళ్లను కాటా దగ్గరి కంప్యూటర్‌లోకే ఎక్కించి, షేర్డ్ ఫోల్డర్‌లో డేటా మాత్రం ఉంచాం. మర్నాడు పట్టుబడికి నేను అక్కడే నిలబడ్డాను. ట్రే కాటా దిగకముందే స్లిప్ చేతికొచ్చింది.