పాలు కక్కే బిడ్డతో వేగడం ఎలా

ముందు ఒక పని చేయండి. రెండు టీ స్పూన్ల పాలు తీసుకుని ఉతికి ఆరేసిన తువ్వాలు మీద ఒలకబోయండి. పది మిల్లీలీటర్లే అవి, మరక మాత్రం అరచేయి దాటి పాకుతుంది. మా వాడికి రెండో నెల నడుస్తున్నప్పుడు నాకీ సంగతి తెలిసుంటే, కావలిలో మా అమ్మావాళ్ళింట్లో అర్ధరాత్రిళ్ళు లేచి కూర్చుని "తాగిందంతా బయటికే వచ్చేసింది" అని ఏడ్చేదాన్ని కాదు.

"కక్కిన బిడ్డ దక్కుతాడు లేమ్మే, నువ్వూరుకో" అనేది మా అమ్మమ్మ. ఆ మాట వింటే అప్పట్లో ఒళ్ళు మండేది కానీ, ఆమె చెప్పిందాంట్లో చాలావరకు నిజమే ఉంది. ఆహారనాళం పొట్టలోకి దిగే చోట సంచి మూతికి తాడు కట్టినట్టు ఒక కండరం ఉంటుంది, పసివాళ్ళలో ఆ తాడు ఇంకా బిగుసుకోలేదు. పొట్ట చిన్నది, తాగేదంతా పలచటి పాలు, రోజంతా పడుకునే ఉంటారు, ఇక పైకి రాక ఏమవుతుంది. మూడు నెలల్లోపు పిల్లల్లో దాదాపు సగం మంది రోజుకు ఒక్కసారైనా కక్కుతారు. నాలుగో నెల ప్రాంతంలో అది బాగా ఎక్కువగా ఉండి, కూర్చోవడం, గట్టి తిండి తినడం మొదలయ్యాక తగ్గుతూ వచ్చి, చాలామందికి ఏడాది నిండేసరికి పోతుంది.

కాబట్టి తడిసిన గుడ్డలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకండి, బరువు చూడండి. మొదటి మూడు నెలల్లో రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి, అంటే వారానికి సుమారు 150 నుంచి 200 గ్రాములు. అంగన్‌వాడీలో తూకం ఉంటుంది, ప్రతిసారీ అదే తూకం మీద, బట్టల్లేకుండా తూయించండి. రోజుకు ఆరు సార్లయినా ఉచ్చ పోస్తున్నాడా, కక్కిన తర్వాత మామూలుగా ఆడుకుంటున్నాడా? అయితే మీకున్నది జబ్బు కాదు, ఉతుకుడు పని.

ఇక ఆ ఉతుకుడు తగ్గించుకునే మార్గం. అన్నిటికన్నా పనిచేసేది కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పట్టడం. డబ్బా పాలు తాగే పిల్లలకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సీసాలో మిగిలింది పారబోయడానికి మనకు మనసొప్పదు, బలవంతాన తాగించేస్తాం. మొదటి నెలల్లో కిలో బరువుకు రోజు మొత్తానికి 150 మిల్లీలీటర్లు అన్నది ఉజ్జాయింపు లెక్క. నాలుగు కిలోల బిడ్డకు 600, ఎనిమిది సార్లకు పంచితే ఒక్కోసారికి 75. చిక్కగా ఉంటే నిలుస్తుందని పొడి ఎక్కువ వేయొద్దు, డబ్బా మీద ఎంత రాసుంటే అంతే. తల్లిపాలయితే ఈ లెక్కలేవీ అక్కర్లేదు, పాలు మాన్పించాల్సిన పని అంతకన్నా లేదు. నాకు పాలు చేపినప్పుడు ధార గట్టిగా వచ్చేది, వాడు గుటకలు వేయలేక దగ్గి, గాలి మింగి, పది నిమిషాలకు మొత్తం నా భుజం మీద పోసేవాడు. మొదటి ధార గుడ్డలోకి పోనిచ్చి, నేను కాస్త వెనక్కి వాలి పట్టడం మొదలుపెట్టాక సగానికి సగం తగ్గింది.

పాలు పట్టడం మధ్యలో ఒకసారి, అయ్యాక ఒకసారి తేన్పు తెప్పించండి. భుజాన వేసుకుని తట్టడం అందరికీ తెలిసిందే. మా వాడికి అది పనిచేయలేదు, ఒళ్ళో కూర్చోబెట్టి, కొంచెం ముందుకు వంచి, గడ్డాన్ని నా అరచేత్తో పట్టుకుని (గొంతు నొక్కకుండా, దవడ ఎముక దగ్గర) వీపు కింద నుంచి పైకి నిమిరితే వచ్చేది. రెండు మూడు నిమిషాలు చూసినా రాకపోతే వదిలేయండి. తర్వాత ఇరవై నిమిషాల నుంచి అరగంట నిలువుగా ఎత్తుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి అది ఎంత పెద్ద శిక్షో నాకు తెలుసు, అందుకే ఆ డ్యూటీ మా ఆయన ఒంగోలు నుంచి వచ్చిన రోజుల్లో ఆయనకే అప్పజెప్పేదాన్ని. కార్ సీటులో కూర్చోబెడితే నిలువుగా ఉన్నట్టు కాదు, నడుం ముడుచుకుని పొట్ట నొక్కుకుపోయి ఇంకా ఎక్కువ కక్కుతారు.

మనిళ్ళల్లో ఎవరూ పట్టించుకోని సంగతి స్నానం. పాలు తాగిన వెంటనే బిడ్డను కాళ్ళ మీద బోర్లా వేసుకుని నూనె రుద్ది నీళ్ళు పోస్తే ఎవరైనా కక్కుతారు. స్నానం ముందు, పాలు తర్వాత. డైపరు బిగించి కట్టకండి. సాంబ్రాణి పొగ మానేయండి, ఇంట్లో సిగరెట్ అసలే వద్దు.

పడుకోబెట్టేటప్పుడు వెల్లకిలా, చదునైన పరుపు మీద, దిండు లేకుండా. ఇక్కడే ఇంట్లో గొడవ మొదలవుతుంది, "పాలు గొంతుకడ్డం పడతాయి, పక్కకు తిప్పు" అంటారు. నిజానికి వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన, ఆహారనాళం కింద ఉంటాయి, పైకొచ్చిన పాలు ఎదురెక్కితే తప్ప ఊపిరితిత్తుల్లోకి పోవు. తల కింద ఎత్తు పెట్టినా, చీర ఉయ్యాల్లో రాత్రంతా వదిలేసినా గడ్డం ఛాతీకి ఆనుకుపోయి ఊపిరి ఇబ్బంది అవుతుంది. బోర్లా పడుకోబెడితే కక్కడం తగ్గుతుందన్నది నిజమేగానీ, నిద్రలో ప్రాణానికే ముప్పు. మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కనే ఉండి చూస్తూ వేయండి, అదీ తాగిన వెంటనే కాదు.

నోట్లో పోసేవాటి దగ్గరికొద్దాం. వస కొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం, గ్రైప్ వాటర్, వీటిలో ఏదీ ఆ కండరాన్ని బిగించదు. వస అయితే దానికదే వాంతి తెప్పిస్తుంది. తేనె ఏడాదిలోపు చుక్క కూడా వద్దు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. ఎండాకాలం నెల్లూరులో ఎంత మండిపోతున్నా ఆరు నెలల్లోపు మంచినీళ్ళు అక్కర్లేదు. తల్లి చేపల పులుసు తింటే బిడ్డ కక్కుతాడన్నదీ ఉత్తదే, నేను మూడు నెలలు నోరు కట్టుకుని నష్టపోయింది తప్ప ఏమీ తేడా లేదు. ఒకవేళ విరేచనంలో రక్తపు చారలు, ఒంటి మీద గజ్జిలాంటి దద్దుర్లు కూడా ఉంటే ఆవు, గేదె పాలలోని ప్రొటీన్ పడకపోవడం కావచ్చు, అప్పుడు డాక్టరే తల్లిని 2 నుంచి 4 వారాలు పాలు, పెరుగు, మజ్జిగ మానేసి చూడమంటారు.

మందులు. మమ్మల్ని మొదట చూసిన డాక్టరు బిడ్డను తూయకుండానే మూడు సీసాలు రాసిచ్చారు. నెల్లూరులో చూపించిన రెండో డాక్టరు ముందు తూకం వేయించి, పాలు ఎలా పడుతున్నానో చూసి, ఆ మూడూ ఆపేయమన్నారు. యాసిడ్ తగ్గించే మందులు కక్కడాన్ని ఆపవు, పైకొచ్చే దానిలో పులుపు తగ్గిస్తాయంతే. అవసరం లేకుండా వాడితే విరేచనాలు, న్యుమోనియా లాంటి ఇన్‌ఫెక్షన్లకు దారి. డోంపెరిడోన్ చుక్కలు గుండె లయను దెబ్బతీసే అవకాశం ఉంది, షాపులో అడిగి తెచ్చుకునేవి కావు. బరువు పెరగకుండా, పాలు చూస్తేనే వెనక్కి విరుచుకుని ఏడుస్తుంటే అప్పుడు డాక్టరు ఇచ్చే మందుకు అర్థం ఉంటుంది.

కొన్నిటికి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. ఆకుపచ్చ రంగు వాంతి, రక్తం లేదా కాఫీ పొడి లాంటిది రావడం, పొట్ట ఉబ్బి గట్టిపడటం, మాడు ఉబ్బడం, మందకొడిగా పడి ఉండటం, ఊపిరాడక నీలంగా మారడం, మూడు నెలల్లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం. రెండు నుంచి ఆరు వారాల వయసులో తాగిన ప్రతిసారీ అడుగు దూరం ఎగిరిపడేలా వాంతి చేసుకుని మళ్ళీ వెంటనే ఆకలిగా ఏడుస్తుంటే పొట్ట కింది మూతి మూసుకుపోయి ఉండొచ్చు, చిన్న ఆపరేషన్‌తో సరిపోతుంది కానీ ఆలస్యం చేయకూడదు. ఆరు నెలలు దాటాక కొత్తగా మొదలైన వాంతులకు కూడా చూపించాల్సిందే. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయండి, వెళ్ళేటప్పుడు బిడ్డ కక్కిన గుడ్డను ఉతికేయకుండా కవర్లో వేసి పట్టుకెళ్ళండి, దాని రంగు డాక్టరు చూడాలి.