క్లాడా ఉంగరం ఎలా పెట్టుకోవాలి?
ప్రామిస్ రింగ్‌గా, అంటే ప్రేమించినవాళ్లకు మాట ఇస్తూ పెట్టే ఉంగరంగా, క్లాడా ఉంగరం ఇద్దామనుకుంటే, ముందు అది ఏ వైపు తిప్పి పెట్టుకోవాలో తెలుసుకోండి. ఐర్లాండ్‌లో గాల్వేని ఆనుకుని ఉన్న క్లాడా అనే జాలరిపేట పేరు దీనికి వచ్చింది, 1700 ప్రాంతానికే గాల్వేలో వీటిని చేసేవారు. రెండు చేతులు ఒక గుండెను పట్టుకుని ఉంటాయి, దానిమీద కిరీటం. చేతులు స్నేహానికి, గుండె ప్రేమకు, కిరీటం మాట మీద నిలబడటానికి.

కుడిచేతికి పెట్టుకుని గుండె మొన వేలి కొస వైపు ఉంచితే ఇంకా ఎవరూ లేరని. మొనను మణికట్టు వైపు తిప్పితే మనసు ఇచ్చేశారని, ప్రామిస్ రింగ్‌కి సరిగ్గా సరిపోయేది ఇదే. కానీ ఇచ్చేటప్పుడు దేనికి మాట ఇస్తున్నారో నోరు తెరిచి చెప్పండి, లేకపోతే అవతలివాళ్లు నిశ్చితార్థం అనుకునే ప్రమాదం ఉంది. నిజంగా నిశ్చితార్థమైతే ఎడమచేతికి, మొన బయటికి. పెళ్లయ్యాక లోపలికి. కొత్తది కొనక్కర్లేదు, ఉన్నదాన్నే తిప్పి పెట్టుకోవచ్చు.