మన జిల్లా రచయితలతో సాహిత్య పత్రిక: తొలి సంచిక ఎలా తేవాలి?

తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి సంచికతోనే జవాబిచ్చారు. ఊరూరి నుంచి పద్యాలు రప్పించి, 354 మంది కవులతో 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ అచ్చువేశారు. జిల్లా పత్రిక తేవాలనుకునేవాళ్లు మొదలుపెట్టాల్సింది కూడా అక్కడే. ముందు మనుషుల్ని వెతకాలి.

రచనలు పంపమని ప్రకటన ఇచ్చి కూర్చుంటే ఎప్పుడూ రాసేవాళ్లే పంపుతారు. శాఖా గ్రంథాలయంలో అడగండి. రిటైరైన తెలుగు మాస్టార్లను, హరికథ చెప్పేవాళ్లను, సైన్‌బోర్డులు రాసే ఆర్టిస్టులను కలవండి. నోటుపుస్తకంలో రాసి దాచుకున్నవాళ్ల ఆచూకీ వీళ్లకే తెలుస్తుంది. పాటలు కట్టేవాళ్లుంటే ఫోన్‌లో రికార్డు చేసి, కాగితం మీద పెట్టి, వాళ్లకు చదివి వినిపించాకే అచ్చుకు పంపండి.

తర్వాత ఎడిటింగ్. అసలు కష్టం ఇదే. అచ్చుతప్పులు దిద్దండి, యాస జోలికి మాత్రం పోవద్దు. శ్రీకాకుళం కథలో తల్లి ‘ఏటి సేస్తన్నావురా’ అంటే అలాగే ఉండనివ్వండి. దాన్ని ‘ఏం చేస్తున్నావురా’ అని మార్చితే ఆ తల్లి కథలోంచి వెళ్లిపోతుంది. ఏదైనా పేరా తీసేయాల్సి వస్తే రచయితకు ఫోన్ చేసి చెప్పండి. వేసుకోలేని రచనను కారణం రెండు ముక్కల్లో రాసి తిప్పి పంపండి, కొత్తవాళ్లకు అదెంతో ధైర్యం.

బొమ్మ గీసేవారికి కథ మొత్తం ఇవ్వండి, సారాంశం చెప్పి సరిపెట్టొద్దు. గీత బొమ్మల్ని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేయించండి. బొమ్మ పక్కనే చిత్రకారుడి పేరు ఉండాలి. రచయితకు పారితోషికం ఇస్తే ఆయనకూ ఇవ్వాలి.

ప్రెస్‌లో మామూలుగా 16 పేజీలు ఒక ఫారం, కాబట్టి 48 లేదా 64 పేజీలకు సర్దుకోండి. డీటీపీలో వాడే అను ఫాంట్ల నుంచి ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా కనిపించే యూనికోడ్‌కు, అటునుంచి ఇటు మార్చినప్పుడు ఒత్తులు చెదురుతాయి. అందుకే చివరి ప్రూఫు ఒకరు పైకి చదువుతుంటే మరొకరు చూసుకోవాలి.

క్రమం తప్పకుండా తేవాలనుకుంటే పత్రికల్ని నమోదు చేసే కేంద్ర ప్రభుత్వ అధికారి, ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర నమోదు తప్పనిసరి. 2023 నాటి పత్రికల నమోదు చట్టం అమల్లోకి వచ్చాక దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. పత్రికకు రెండు మూడు పేర్లు అనుకుని ఉంచుకోండి, మొదటిది దొరక్కపోవచ్చు.

సంచిక రాగానే రచయితలకు, చిత్రకారులకు ప్రతులు చేరాలి. కథలున్న సంచికైతే ఒక ప్రతి శ్రీకాకుళంలోని కథానిలయానికి పోస్టు చేయండి. కాళీపట్నం రామారావు 1997లో నెలకొల్పిన ఆ గ్రంథాలయం తెలుగు కథల్ని భద్రపరుస్తోంది.